సింగపూర్‌లో ఏ పేటలో, ఏ పూట, ఏం తినాలి

సింగపూర్‌లో మంచి తిండి దొరకని పేట లేదు. దొరకని వేళలే చాలా ఉన్నాయి. పొద్దున పదకొండింటికి బల్ల దొరకని చోట మధ్యాహ్నం మూడింటికి వెళ్తే సగం షట్టర్లు దించి ఉంటాయి. రాత్రి ఎనిమిదింటికి పొగలు కక్కే వీధిలో పగలంతా కార్లు తిరుగుతుంటాయి. ఫలానా కొట్టు చాలా ఫేమస్ అని ఎండలో పడి వెళ్లి, మూసిన తలుపు చూసి తిరిగొచ్చేవాళ్లు రోజూ కనిపిస్తారు. కొట్ల జాబితా కన్నా ముందు పేటల వేళలు పట్టుకోండి.

ఎక్కువ పూటలు మీరు తినేది హాకర్ సెంటర్లలోనే. ఒకప్పుడు రోడ్డు పక్క బండ్ల మీద అమ్మేవాళ్లని ప్రభుత్వం తీసుకొచ్చి, నీళ్లూ మురుగు కాలువలూ ఉన్న షెడ్ల కింద కూర్చోబెట్టింది. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇలాంటివి వందకు పైనే. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఏసీ ఉండదు, ఫ్యాన్లుంటాయి. ఒక్కో కొట్టు ఒకటి రెండు వంటకాలే చేస్తుంది, వాటినే ముప్ఫై నలభై ఏళ్లుగా చేస్తుంటుంది. మెనూ బోర్డు చాంతాడంత ఉంటే అది టూరిస్టుల కొట్టు అనుకోవచ్చు.

కూర్చునే పద్ధతి

ముందు బల్ల, తర్వాత తిండి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టో గొడుగో ఉందంటే ఎవరో దాన్ని పట్టుకున్నట్టే. దీన్ని ‘చోప్’ చేయడం అంటారు. మీరూ అలాగే ఓ టిష్యూ ప్యాకెట్టు పెట్టి క్యూకి వెళ్లండి. ఫోనూ పర్సూ మాత్రం పెట్టకండి. టిష్యూ ప్యాకెట్టు ఎలాగూ కావాలి, కొట్లలో చేయి తుడుచుకోవడానికి కాగితం ఇవ్వరు. మంచినీళ్లు కూడా ఊరికే రావు. కుళాయి నీళ్లు తాగడానికి పనికొస్తాయి కాబట్టి బాటిల్ నింపుకుని వెళ్లండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడే డబ్బు ఇచ్చేయాలి. చాలా కొట్లు లోకల్ క్యూఆర్ కోడ్ తీసుకుంటాయి గానీ అది ఎక్కువగా అక్కడి బ్యాంకు ఖాతాలకే. విదేశీ కార్డు గీసే మిషను చిన్న కొట్లలో అరుదు. రెండు, ఐదు, పది సింగపూర్ డాలర్ల నోట్లు జేబులో ఉంచుకోండి. యాభై నోటు ఇస్తే ఆంటీ మొహం మారుతుంది. అన్నట్టు, కొట్టులో ఉన్నవాళ్లు ఏ జాతివాళ్లయినా ‘అంకుల్’, ‘ఆంటీ’ అని పిలిస్తే చాలు. ‘డాబావ్?’ అని అడిగితే పార్సిలా అని. పార్సిలుకి డబ్బా కింద కొన్ని సెంట్లు ఎక్కువ తీసుకుంటారు.

తిన్నాక ట్రే, ప్లేట్లు, మీరు వాడిన టిష్యూలు తీసుకెళ్లి ర్యాకులో పెట్టాలి. ఇది మర్యాద కాదు, చట్టం. హాకర్ సెంటర్లలో 2021 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి దొరికితే హెచ్చరిక, రెండోసారికి 300 డాలర్ల జరిమానా. ర్యాకులు రెండు రకాలు: హలాల్ వాటికి ఒకటి, కానివాటికి ఒకటి. పోర్క్ తిన్న ప్లేటు హలాల్ ర్యాకులో పెడితే అక్కడున్న మలే కొట్టువాళ్లకి నిజంగా ఇబ్బంది. బోర్డు చూసి పెట్టండి.

ఖర్చు సంగతి. హాకర్ సెంటర్లో చికెన్ రైస్ 4 నుంచి 6 డాలర్లు, కాఫీ ఒకటిన్నర అటూ ఇటూ, బిర్యానీ 7 నుంచి 9. బోర్డు మీద ఉన్నదే బిల్లు. రెస్టారెంట్లలో అలా కాదు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద మళ్లీ 9 శాతం జీఎస్టీ పడతాయి. 20 డాలర్ల వంటకం చేతికొచ్చేసరికి దాదాపు 24. చైనీస్ రెస్టారెంట్లలో అడక్కుండా తెచ్చిపెట్టే వేరుశెనగలకీ తడి టవళ్లకీ కూడా బిల్లు పడుతుంది. కూర్చోగానే వద్దని చెప్తే తీసుకెళ్లిపోతారు.

మూసి ఉండే రోజులు

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తినేది ఇక్కడే. చాలా కొట్లకి సోమవారం సెలవు, కొన్నిటికి మంగళవారం. ఇది కాక ప్రతి హాకర్ సెంటరునీ సుమారు మూడు నెలలకోసారి కడగడానికి మొత్తంగా మూసేస్తారు. ఆ తేదీలు నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వెబ్‌సైట్లో ముందే పెడతారు, బయల్దేరే ముందు ఒక్కసారి చూసుకోండి. మరమ్మతులకైతే నెలల తరబడి మూస్తారు. చైనీస్ న్యూ ఇయర్‌కి చైనీస్ కొట్లు వారం, కొన్ని రెండు వారాలు తెరవరు. రంజాన్ నెలలో మలే కొట్లలో చాలావాటికి పగలు సెలవు, పండగకి పూర్తిగా సెలవు. మామూలు శుక్రవారాల్లో కూడా నమాజు వేళ, ఒంటిగంట నుంచి రెండున్నర దాకా, ముస్లిం కొట్లలో ఎవరూ ఉండకపోవచ్చు.

అందులో ఏముంది

మనవాళ్లకి ఇది పేటలకన్నా ముఖ్యం. ఫ్రైడ్ నూడుల్స్‌లో ప్రసిద్ధమైన చార్ క్వే టియావ్‌ని పాతకాలం పద్ధతిలో పంది కొవ్వుతో వేయిస్తారు. పైన ముక్కలు కనిపించకపోయినా కొవ్వు ఉంటుంది. ‘నో పోర్క్, నో లార్డ్’ అని రాసిన కొట్టులో పంది ఉండదు. అంతమాత్రాన అది హలాల్ కొట్టు కాదు. హలాల్ అయితే ముయిస్ అనే సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ అద్దానికి అతికించి ఉంటుంది, లేదా నడిపేవాళ్లు ముస్లింలై ఉంటారు. బీఫ్ తిననివాళ్లు మలే కొట్లలో రెండాంగ్ దగ్గర జాగ్రత్త. అది ఎక్కువగా బీఫే. సాటేలో చికెన్, మటన్, బీఫ్ పుల్లలు పక్కపక్కనే కాలుతుంటాయి, రంగు చూసి తెలుసుకోలేరు. అడిగి తీసుకోండి.

శాకాహారులకి అసలు చిక్కు మాంసంతో రాదు, రొయ్యలతో వస్తుంది. సంబల్ కారంలో బెలచాన్ ఉంటుంది. అది పులియబెట్టిన రొయ్యల ముద్ద. ఆకుకూర వేపుడులో గుల్లలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు. లక్సా అనే నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలు నూరి కలుపుతారు. యోంగ్ టావ్ ఫూ కొట్టులో టోఫూ, బెండకాయ, వంకాయ చూసి సంబరపడకండి, వాటి కడుపులో చేప ముద్ద కూరి ఉంటుంది. టోస్టు మీద రాసే కాయా జామ్‌లో గుడ్డు ఉంటుంది. పరోటా లాంటి ప్రాటా పక్కన ఇచ్చే పప్పు పులుసులో మాంసం పులుసు ఓ గరిటె కలిపే కొట్లున్నాయి. ‘వెజిటేరియన్’ అంటే ‘ముక్కలు తీసేస్తే సరిపోతుంది’ అనుకునే కొట్టువాళ్లు చాలామంది. అందుకే ఒక్క మాటతో ఆపకుండా ‘నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో ఆయిస్టర్ సాస్’ అని వరసగా చెప్పండి. తల అడ్డంగా ఊపితే ఆ కొట్టు వదిలేయడమే మంచిది. వాళ్లు చేసి ఇస్తామంటే కూడా కడాయి ఒకటే అని గుర్తుంచుకోండి.

ఇంత ఆలోచన వద్దనుకునే శాకాహారులు నేరుగా వాటర్లూ స్ట్రీట్‌కి వెళ్లాలి. బుగిస్, బెన్‌కూలెన్ స్టేషన్లు రెండూ దగ్గరే. క్వాన్ ఇమ్ బౌద్ధ ఆలయం, దాని పక్కనే శ్రీకృష్ణన్ గుడి. చైనీస్ భక్తులు రెండు చోట్లా అగరొత్తులు వెలిగించి వెళ్తారు. ఆ భక్తుల కోసమే చుట్టుపక్కల వెజిటేరియన్ కొట్లు వెలిశాయి. మిడిల్ రోడ్డులో ఫార్చ్యూన్ సెంటర్ అనే పాత బిల్డింగులో ఒక్కచోటే చాలా ఉన్నాయి. చాలా బౌద్ధ కొట్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. సోయాతో, గోధుమ పిండి జిగురుతో చేసిన ‘చికెన్’, ‘రోస్ట్ పోర్క్’ చూసి కంగారు పడొద్దు, అది మాంసం కాదు. కొన్నిట్లో గుడ్డు ఉంటుంది, అదొక్కటే అడగండి. చైనీస్ నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు, అంటే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజు పన్నెండు దాటాక ఇక్కడ కూర్చోవడానికి చోటుండదు.

పొద్దున: టియోంగ్ బారు, గేలాంగ్ సెరాయ్

టియోంగ్ బారు మార్కెట్టులో కింద కూరగాయలు, మేడ మీద తిండి. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య వెళ్లండి. మధ్యాహ్నం దాటాక సగం కొట్లు కడిగేసుకుంటూ కనిపిస్తాయి. ఇక్కడ చ్వీ క్వే తినాలి. చిన్న గిన్నెల్లో ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి బిళ్లలు, పైన ఉప్పులో ఊరబెట్టిన ముల్లంగి తురుము నూనెలో వేయించి వేస్తారు. చూడ్డానికి వెజ్. ఆ నూనె కొన్ని చోట్ల పంది కొవ్వు, అడగకుండా తినొద్దు.

కాఫీ ఇక్కడే నేర్చుకోండి, ఊరంతా పనికొస్తుంది. గింజల్ని పంచదారతో, వనస్పతి లాంటి కొవ్వుతో వేయిస్తారు కాబట్టి డికాషన్ నల్లగా, చిక్కగా ఉంటుంది. ‘కోపి’ అంటే కండెన్స్‌డ్ మిల్క్ పోసింది, బాగా తీపి. ‘కోపి సి’లో తీపి లేని చిక్కటి డబ్బా పాలు, పంచదార విడిగా వేస్తారు. ‘కోపి ఓ’ పాలు లేనిది, పంచదార ఉంటుంది. చివర ‘కోసోంగ్’ చేరిస్తే పంచదార ఉండదు, ‘సియు డాయ్’ అంటే తక్కువ తీపి, ‘గావ్’ అంటే స్ట్రాంగ్, ‘పెంగ్’ అంటే ఐసు. టీకి ‘కోపి’ తీసి ‘తే’ పెట్టండి. మన ఇంటి కాఫీకి దగ్గరగా కావాలంటే ‘కోపి సి సియు డాయ్’ అడగండి. మామూలు ‘కోపి’కి ‘కోసోంగ్’ తగిలించినా కండెన్స్‌డ్ మిల్క్‌లో ఉన్న తీపి ఎక్కడికీ పోదు, షుగరు ఉన్నవాళ్లు అందుకే ‘సి కోసోంగ్’ గానీ ‘ఓ కోసోంగ్’ గానీ చెప్పాలి.

గేలాంగ్ సెరాయ్ మార్కెట్టు (పాయా లేబార్ స్టేషన్) మలేవాళ్ల పేట. ఇక్కడా మేడ మీదే తిండి, ఇక్కడా పొద్దునే మేలు. కొబ్బరి పాలతో వండిన నాసి లెమాక్, చిలగడదుంప పిండితో చిక్కబరచిన పులుసులో వచ్చే మీ రెబుస్, అన్నం దిమ్మలతో లొంటాంగ్. సంబల్ అన్నిట్లో ఉంటుంది, రొయ్యల సంగతి పైన చెప్పిందే. నాలుగు అడుగులు వేస్తే హైగ్ రోడ్ ఫుడ్ సెంటర్, అక్కడ పుట్టు పిరింగ్: బియ్యప్పిండి లోపల తాటిబెల్లం పెట్టి ఆవిరి పట్టి, పచ్చికొబ్బరితో ఇస్తారు. మన కొబ్బరి కుడుముకి దగ్గరి చుట్టం. రెండు నిమిషాలు ఆగి కొరకండి, లోపల బెల్లం సలసలా కాగుతుంటుంది, నాలుక కాలుతుంది. రంజాన్ నెలలో ఈ పేటకి సాయంత్రమే వెళ్లాలి. రోడ్ల వెంట పెద్ద బజారు వేస్తారు.

మధ్యాహ్నం: చైనాటౌన్, ఆఫీసుల పేట

మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌కి ఇప్పుడు అదే పేరుతో మెట్రో స్టేషన్ ఉంది, దిగితే ఎదురుగానే. టియాన్ టియాన్ చికెన్ రైస్ క్యూ చాలా పొడుగు, సోమవారం మూసి ఉంటుంది. పదకొండుకి ముందు నిలబడితే త్వరగా అయిపోతుంది, పన్నెండున్నరకి అయితే ముప్పావు గంట అనుకోండి. అంత క్యూ కట్టి తినాలా అంటే, ఓసారి తినొచ్చు. కానీ చికెన్ రైస్ చెడగొట్టే కొట్టు ఈ ఊళ్లో తక్కువ. పక్క కొట్టుది కూడా బాగానే ఉంటుంది. ఈ వంటకంలో రుచంతా అన్నంలో ఉంది. అల్లం, వెల్లుల్లి కోడి కొవ్వులో వేయించి, కోడి ఉడికిన నీళ్లతోనే అన్నం వండుతారు. కోడిని మరగనివ్వకుండా సన్నని వేడి మీద ఉంచి, తీసి చల్లబరుస్తారు. అందుకే ముక్క చల్లగా ఉంటుంది, ఎముక దగ్గర గులాబీ రంగు కనిపిస్తుంది. మనవాళ్లు చాలామంది పచ్చిగా ఉందనుకుని వదిలేస్తారు. అలా నచ్చకపోతే ‘రోస్టెడ్’ అడగండి, తొడ ముక్క కావాలంటే ‘డ్రమ్‌స్టిక్’ అని చెప్పండి. ఎర్ర కారం, అల్లం ముద్ద, నల్ల సోయా సాస్ మూడూ కలిపి తింటేనే దాని రుచి తెలుస్తుంది. ఒట్టి కోడి తిని చప్పగా ఉందనడం అన్యాయం.

చైనాటౌన్ కాంప్లెక్స్‌ రెండో అంతస్తులో రెండు వందలకు పైగా కొట్లున్నాయి, దేశంలో అన్నిటికన్నా పెద్ద హాకర్ సెంటర్ ఇదే. మంచి హోటళ్లకి ఇచ్చే మిషెలిన్ స్టార్ 2016లో వచ్చిన సోయా సాస్ చికెన్ కొట్టు, హాకర్ చాన్, ఇక్కడే మొదలైంది. ఆ స్టార్ 2021లో పోయింది. స్టార్ కోసం కాకుండా మిగతా కొట్ల కోసం వెళ్లండి. వరసలకి రంగులు వేసి ఉంటాయి, కొట్టు నంబరు రాసుకుని వెళ్లకపోతే తిరిగి అదే కొట్టు దొరకదు.

హాంగ్ లిమ్, అమోయ్ స్ట్రీట్ ఫుడ్ సెంటర్లు ఆఫీసులవాళ్లవి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, అదీ పదకొండుంపావు లోపు. పన్నెండయితే చుట్టూ ఉన్న బిల్డింగులన్నీ ఒక్కసారి దిగుతాయి. ఆదివారం వెళ్తే చాలా కొట్లు ఉండవు. దూరమైనా పర్లేదు, పాతకాలం చైనీస్ వంటకాలు ఒకే చోట కావాలంటే డకోటా స్టేషన్ దగ్గర ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ ఫుడ్ సెంటర్ వీటన్నిటికన్నా మేలు.

కూరలన్నీ వరసగా పెట్టి, వేలు పెట్టి చూపిస్తే అన్నం మీద వేసే కొట్లు (చైనీస్‌లో చాయ్ పంగ్, మలేలో నాసి పడాంగ్) ప్రతి పేటలోనూ ఉంటాయి. వీటికి ధరల బోర్డు ఉండదు. రెండు కూరగాయలు, ఒక మాంసం అయితే చవక. చేప, రొయ్య చూపించారో లెక్క మారుతుంది. వడ్డించకముందే ‘దిస్ వన్ హౌ మచ్?’ అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

లిటిల్ ఇండియా, కాంపాంగ్ గ్లామ్

లిటిల్ ఇండియాలో పూటలన్నీ గడిపేయకండి. ఇడ్లీ, దోసె కోసం మనసు లాగినప్పుడు సెరంగూన్ రోడ్డు ఉంది. కోమల విలాస్ 1947 నుంచి, ఆనంద భవన్ 1924 నుంచి ఉన్నాయి, రెండూ శుద్ధ శాకాహారం. ఇంటి దగ్గర దొరకనిది తినాలంటే రెండే. ఒకటి, టెక్కా సెంటర్‌లో దమ్ బిర్యానీ. మసాలా మనదానికన్నా తీపి వైపు మొగ్గుతుంది, కారం తక్కువ, పక్కన పులుసు ఇస్తారు. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య తినాలి, తర్వాత మంచి ముక్కలు అయిపోతాయి. రెండు, రేస్ కోర్స్ రోడ్డులో చేప తల పులుసు. కేరళ మసాలా, చైనీస్‌వాళ్లకి చేప తల మీద ఉన్న మోజు కలిసి ఈ ఊళ్లోనే పుట్టిన వంటకం. ముత్తూస్ కర్రీ, బనానా లీఫ్ అపోలో పాత పేర్లు. చిన్న సైజు తలే ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. చెంప దగ్గర మాంసం ముందు తీసుకోండి. ఇద్దరే ఉంటే పెద్ద సైజు అంటగట్టనివ్వకండి. ఆదివారం సాయంత్రం ఈ పేటంతా సెలవు దొరికిన కార్మికులతో నిండిపోతుంది, నడవడానికే చోటుండదు.

కాంపాంగ్ గ్లామ్‌లో సుల్తాన్ మసీదుకి ఎదురుగా నార్త్ బ్రిడ్జ్ రోడ్డు మీద జామ్ జామ్ (1908 నుంచి) ముర్తబాక్ చేస్తుంది. పల్చగా విసిరిన పిండిలో కీమా, గుడ్డు, ఉల్లిపాయ మడిచి పెనం మీద కాలుస్తారు. మటన్ అని గట్టిగా చెప్పండి, బీఫ్ కూడా మెనూలో ఉంటుంది. స్మాల్ సైజు ఒకరికి ఎక్కువే. బస్సోరా స్ట్రీట్‌లో కేకేసి పిలిచే టర్కిష్, లెబనీస్ హోటళ్లు ఖరీదెక్కువ, దాటేయొచ్చు. అదే నడక ఇంకో పది నిమిషాలు సాగిస్తే బీచ్ రోడ్డులో గోల్డెన్ మైల్ ఫుడ్ సెంటర్. మూలుగ బొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లు అక్కడ సూప్ తులాంగ్ తినాలి. మటన్ ఎముకలు ఎర్రటి తియ్యకారం పులుసులో, మూలుగ పీల్చుకోవడానికి స్ట్రా. పులుసు అద్దుకోవడానికి బ్రెడ్డు విడిగా తీసుకోండి. తెల్ల చొక్కా వేసుకుని వెళ్లొద్దు.

ఆదివారం మాల్స్

గైడు పుస్తకాలు పెద్దగా పట్టించుకోనివి ఇవి. సిటీ హాల్ స్టేషన్ దగ్గర పెనిన్సులా ప్లాజాలో బర్మా కొట్లు: చేప పులుసులో బియ్యం సేమ్యాతో మొహింగా, పులియబెట్టిన టీ ఆకులు, వేయించిన పప్పులు కలిపిన లపెట్ తోక్. ఆర్చర్డ్ రోడ్డులో లక్కీ ప్లాజా ఫిలిప్పీన్స్‌వాళ్లది, పాయా లేబార్‌లో సిటీ ప్లాజా ఇండోనేషియావాళ్లది. ఆ దేశాల నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజు వంట అన్నిటికన్నా తాజాగా ఉంటుంది, జనం కూడా అలాగే ఉంటారు. కుర్చీ కావాలంటే శనివారం వెళ్లండి.

సాయంత్రం: సాటే, లక్సా, పీతలు

ఆఫీసుల పేటలో లావ్ పా సాట్ అనే హాకర్ సెంటర్ పక్కన బూన్ టాట్ స్ట్రీట్‌ని పనిరోజుల్లో ఏడింటికి మూసి బల్లలు వేస్తారు, అప్పుడే సాటే కాలుస్తారు. పది పుల్లలకి తక్కువ సాధారణంగా ఇవ్వరు. వాన వస్తే ఆ బల్లలన్నీ లేచిపోతాయి, లోపల కూర్చోవాలి.

లక్సాకి కాటోంగ్ పేట. మెరీన్ పరేడ్ స్టేషన్ 2024లో తెరిచాక వెళ్లడం తేలికయింది. ఇక్కడి లక్సాలో నూడుల్స్ ముక్కలుగా కోసి ఉంటాయి, చెంచాతోనే తినాలి, చాప్‌స్టిక్స్ ఇవ్వరు. పైన వేసే ‘హమ్’ అనే చిన్న గుల్లల్ని సగమే ఉడికిస్తారు. కడుపు సున్నితమైనవాళ్లు ‘నో హమ్’ అనండి.

న్యూటన్ ఫుడ్ సెంటర్‌లో చిల్లీ క్రాబ్ తినబోయేవాళ్లు లెక్క ముందు వేసుకోవాలి. బోర్డు మీద 8 డాలర్లని ఉంటే అది పీత ధర కాదు, 100 గ్రాములది. కిలోంపావు పీత 100 డాలర్లవుతుంది. తూకం వేసి మొత్తం ఎంతో చెప్పించుకున్నాకే వండమనండి. సాస్‌లో ముంచుకునే మంటావ్ బన్నులకి వేరే బిల్లు. చేయి పట్టుకు పిలిచే కొట్టుకి వెళ్లొద్దు, అలా పిలవడం నిబంధనలకి విరుద్ధం కూడా. బీరుతో తినేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: రాత్రి పదిన్నర తర్వాత బయట పబ్లిక్ చోట్లలో మందు తాగకూడదు.

రాత్రి ఆఖరుకి దురియన్. గేలాంగ్‌లో రోడ్డు పక్క కొట్లు చాలా రాత్రి దాకా ఉంటాయి, జూన్ నుంచి ఆగస్టు దాకా పండు బాగుంటుంది, ధర దిగుతుంది. కిలో ధర తొక్కతో కలిపి, తొనలు అందులో మూడో వంతు ఉంటే గొప్ప. మీ ముందే తూచి, కోసి, ఓ తొన రుచి చూపించమనండి. నీళ్లగా, పుల్లగా ఉంటే మార్చి ఇవ్వడం అక్కడ మామూలే. కొట్టు దగ్గరే కూర్చుని తినేయాలి. వాసన ఘాటు కాబట్టి మెట్రోలోకి దురియన్ తీసుకెళ్లనివ్వరు, చాలా హోటళ్లు గదిలోకి తెస్తే జరిమానా వేస్తాయి. మిగతా తిండి పార్సిలు కట్టుకుని రైలెక్కొచ్చు గానీ విప్పి తింటే 500 డాలర్ల దాకా పడుతుంది. నీళ్ల గుక్క కూడా తినడం కిందికే వస్తుంది.